రాత్రంతా కారే నీళ్లు

దీపాలార్పి అందరూ పడుకున్నాక మరుగుదొడ్డిలోంచి సన్నగా 'సుయ్' మని చప్పుడు వినిపిస్తోందా? ఎవరూ వాడకపోయినా ఫ్లష్ ట్యాంకులోకి నీళ్లు వస్తూనే ఉన్నాయన్నమాట. "ఎన్ని నీళ్లు పోతాయిలే" అని చాలామంది ఊరుకుంటారు. ఒకసారి లెక్క వేద్దాం.

నిమిషానికి ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్లు కారితే గంటకు 12 లీటర్లు, రోజుకు 288 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెతో కొలిస్తే పందొమ్మిది బిందెలు! ఎండాకాలంలో బిందెడు నీళ్ల కోసం కుళాయి దగ్గర వరుసలో నిలబడిన ఇల్లాలికి ఆ విలువ చెప్పనక్కరలేదు. పైగా బోరు మోటారుకు కరెంటు ఖర్చు, సెప్టిక్ ట్యాంకుకు అనవసరపు భారం.

మన కర్నూలు, కడప ప్రాంతాల్లో ఈ జబ్బుకు ఒక ప్రత్యేక కారణముంది. బేతంచర్ల, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు భూమిలో ఉన్నది సున్నపురాయి. మన ఇళ్లలో పరచుకునే నాపరాయి కూడా అదే. ఆ సున్నం బోరు నీళ్లలో కరిగి వస్తుంది. నీళ్లు కాచిన గిన్నెలో తెల్లగా పేరుకునే పొరే ట్యాంకులోని రబ్బరు మీద, వాల్వు సందుల్లో కూడా పేరుకుంటుంది. ఇక అవి సరిగా మూసుకోవు.

లోపం ఎక్కడుందో మీరే తెలుసుకోవచ్చు. ముందు ట్యాంకు మూత తీసి చూడండి.

మొదటిది: నీళ్లు నిలువు గొట్టం పైఅంచు దాకా వచ్చి అందులోకి పొర్లుతుంటే లోపం బంతి వాల్వుది. బంతిని మెల్లగా పైకెత్తండి. నీళ్లు ఆగితే బంతి మరీ ఎత్తులో ఉన్నట్లు. మర తిప్పి, లేదా ఇత్తడి కడ్డీని కొంచెం కిందికి వంచి, నీటి మట్టం గొట్టం అంచుకు ఒక అంగుళం దిగువన ఆగేలా చేయండి. ఎత్తినా ఆగకపోతే వాల్వులోని వాషరు అరిగిందో, సున్నం పట్టిందో చూడాలి. బంతిని ఊపితే లోపల నీళ్లు చప్పుడైతే దానికి చిల్లి పడిందన్నమాట. కొత్తది వేయాలి.

రెండవది: నీళ్లు గొట్టం దాకా రాకుండానే కారుతుంటే అనుమానం అడుగునున్న రబ్బరు మీద. ట్యాంకులో బట్టలకు పెట్టే నీలిమందు కొద్దిగా కలిపి, ఇరవై నిమిషాలు ఎవరూ ఫ్లష్ చేయకుండా చూడండి. కింద బేసినులో నీలం కనిపిస్తే రబ్బరు సరిగా కూర్చోవడం లేదు.

మరమ్మతుకు ముందు ట్యాంకు పక్కనున్న యాంగిల్ కాక్ మూసి, ఒకసారి ఫ్లష్ చేసి ట్యాంకు ఖాళీ చేయండి. రబ్బరును గుడ్డతో తుడవండి. సున్నం పట్టి ఉంటే నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో కాసేపు నానబెట్టి కడగండి. బాత్‌రూములు కడిగే యాసిడ్ మాత్రం వద్దు. రబ్బరు, లోహం రెండూ పాడవుతాయి. రబ్బరు గట్టిపడి పగుళ్లు వచ్చి ఉంటే పాతదాన్ని చేత పట్టుకుని దుకాణానికి వెళ్లండి. అదే కొలతది తేవచ్చు.

ఇవన్నీ చేసినా ఆగకపోతే ప్లంబరును పిలవండి. అతడు వచ్చేదాకా యాంగిల్ కాక్ మూసే ఉంచి, బకెట్టుతో నీళ్లు పోసుకోండి. ఆ పందొమ్మిది బిందెలూ ఇంట్లోనే మిగులుతాయి.