నిలువెత్తు బొమ్మ

మనిషికి తన ఒంటిలోపల ఏమి జరుగుచున్నదో కంటికి కనబడదు. కనబడని దానిని కాగితముపై గీసి చూచుకొన్న కొందరు స్త్రీల కథ యిది.

ఎయిడ్స్‌కు మందులు అందని కాలమున, ఆఫ్రికాలో పలుచోట్ల వ్యాధి సోకిన తల్లులు తాము పోయిన పిదప బిడ్డలకు మిగులునట్లు ఫొటోలు, ఉత్తరములు, తమ కథలు పెట్టెలలో దాచుచుండిరి. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నగరపు అంచున ఖయెలిట్షా అను పేదల పేట యున్నది. 2001 మే నెలలో ‘సరిహద్దులు లేని వైద్యులు’ అను సంస్థ అచ్చట హెచ్.ఐ.వి. మందు లిచ్చుట ప్రారంభించెను. మరుసటి యేడు చిత్రకారిణి జేన్ సోలమన్ అచ్చటి స్త్రీల బృందముచే బొమ్మలు గీయించెను.

పెద్ద కాగితము నేలపై పరచి దానిపై ఒకామె పరుండును. మరొకతె ఆమె చుట్టు గీత గీయును. ఆ రూపము వెనుక నీడవలె ఇంకొక రూపముండును; అది ఆమెను ఆదుకొనువారిది. పిదప ఆమె తన ఒంటిపై మచ్చలను, దెబ్బల గుర్తులను రంగులతో చూపును. వైరస్ తనలో ఎట్లున్నదని తాననుకొనునో అట్లే దానిని కూడ చిత్రించును.

ఆ వైరస్ పని యేమి? రక్తములోని సి.డి.4 అను తెల్లకణములలో దూరి, వాని చేతనే తన సంతతిని తయారు చేయించుకొనును. ఆరోగ్యవంతులలో ఘన మిల్లీమీటరు రక్తమునకు ఈ కణములు సాధారణముగ 500కు పైగా నుండును. ఆనాడు 200కు తగ్గినవారికే మందు లిచ్చెడివారు. (వ్యాధి తేలిన వెంటనే అందరికిని ఇయ్యవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో చెప్పినది.) మందు వైరస్‌ను నిర్మూలింపజాలదు, దాని వృద్ధిని మాత్రమే ఆపును. మాత్రలు మానినచో అది మరల విజృంభించును. ఒళ్ళు కులాసాగా నున్నప్పుడు మాత్ర యేల మ్రింగవలె నన్నదియే రోగికి కఠినమైన పాఠము. వైరస్ ఎచ్చట నక్కియున్నదో తన చేతితో గీసినామెకు ఆ పాఠము కొంత సులభమగును. ఆమె దానిని ఎట్లు గ్రహించినదో వైద్యునికిని తెలియును. అంతమాత్రమున బొమ్మయే మందు కాదు.

ఇందులో అపాయమును కలదు. 1998లో దర్బన్ సమీపమున, తనకు హెచ్.ఐ.వి. యున్నదని బహిరంగముగ చెప్పిన ఒక స్త్రీని అల్లరిమూక కొట్టి చంపెను. కనుక బొమ్మను ఎవరు చూడవచ్చును, దానిపై పేరుండవచ్చునా అనునది గీసినామెయే నిర్ణయింపవలెను. ఇట్టి పనులు చేయించు విద్యావంతులు ఈ సంగతి మరచుటయు కద్దు.

ఖయెలిట్షా స్త్రీల బొమ్మలును, వారు చెప్పిన కథలును 2003లో ఒక గ్రంథముగా వెలువడినవి. ఆ గ్రంథమునకు ‘లాంగ్ లైఫ్’, అనగా దీర్ఘాయువు, అని పేరు పెట్టిరి.