నవలా రచన – ముద్రణ మార్గం

నవల అనగానే కాలక్షేపానికి చదువుకొనే పెద్ద కథ అనే అభిప్రాయం మన విద్యార్థులలో ఇంకను కొంత మిగిలి ఉన్నది. ఒక ప్రాంతంలోని మనుష్యులు ఏ మాటలతో కలహించుకున్నారో, ఏ పండుగకు అప్పు చేశారో, ఆడపిల్ల పెండ్లికి ఏ పొలం అమ్ముకున్నారో చరిత్ర గ్రంథాలలో సాధారణంగా కనిపించదు. అటువంటి సంగతులను భద్రపరచే పని నవల చేస్తుంది. కనుక మన ఆసిఫాబాదు ప్రాంతంలో నవల వ్రాయాలనే కోరిక గల యువకుడుగాని, యువతిగాని ఉంటే ఆ కోరికను చిన్నచూపు చూడరాదు.

అయితే అట్టి విద్యార్థులు మూడు ప్రశ్నలు అడుగుతూ ఉంటారు. "ఇంట్లో ఉర్దూ మాట్లాడే మేము తెలుగులో వ్రాయవచ్చునా సార్?" అన్నది మొదటిది. "ఎట్లా వ్రాయాలి?" అన్నది రెండవది. "వ్రాసిన తరువాత ఎవరు అచ్చు వేస్తారు?" అన్నది మూడవది. నేను కూడా ఒక నవల వ్రాతప్రతిని పూర్తిచేసి, ప్రకాశకుల సమాధానం కోసం ఎదురుచూస్తున్నవాడినే. కాబట్టి ఈ ప్రశ్నలు నాకు పరాయివి కావు.

మొదట భాష విషయం చూద్దాం. ఉర్దూ, తెలుగు నవలలు రెండూ దాదాపు ఒకే కాలంలో, ఒకే విధమైన అవసరం నుండి పుట్టాయి. డిప్యూటీ నజీర్ అహ్మద్ తన కుమార్తె చదువుకొనుటకు వ్రాసిన "మిరాతుల్ ఉరూస్" 1869లో వెలువడి ప్రభుత్వం నుండి వేయి రూపాయల బహుమతి పొందింది. కందుకూరి వీరేశలింగం పంతులుగారి "రాజశేఖర చరిత్రము" 1878లో "వివేకవర్ధని" పత్రికలో భాగాలుగా వచ్చి, 1880లో పుస్తకమైంది. ఇద్దరి దృష్టీ సంఘ సంస్కరణ మీదనే నిలిచింది. ఒకరికి ఇంటిలోని బిడ్డ పాఠకురాలైతే, మరొకరికి తమ పత్రికయే మొదటి వేదిక అయింది.

ఒక భాషలో తలుపు మూసుకుంటే మరొక భాషలో తెరుచుకొనవచ్చునని ప్రేమ్‌చంద్ జీవితం నిరూపిస్తున్నది. ఆయన మొదట నవాబ్ రాయ్ అనే పేరుతో ఉర్దూలో వ్రాసేవాడు. 1908లో వచ్చిన "సోజె వతన్" కథల సంపుటిని బ్రిటిష్ ప్రభుత్వం జప్తు చేసింది. అటుపిమ్మట ఆయన ప్రేమ్‌చంద్ అయినాడు. "బజారె హుస్న్" నవలను ఉర్దూలోనే వ్రాసినప్పటికీ అది ముందుగా అచ్చయింది హిందీలో, "సేవాసదన్" అనే పేరుతో. ఉర్దూ ప్రతి 1924 వరకు వెలుగు చూడలేదు. మన కాలంలో సలీంగారి "కాలుతున్న పూలతోట" అనే తెలుగు నవలకు 2010లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగు ఎవరి ఇంటి సొత్తు అనే సందేహం ఇక మన విద్యార్థులకు అక్కరలేదు.

ఇంటి భాషను దాచుకొనవలసిన పని కూడా లేదు. దాశరథి రంగాచార్యగారు 1969లో ప్రకటించిన "చిల్లర దేవుళ్లు" నవలలో నిజాం కాలపు తెలంగాణ గ్రామం తన పలుకుబడితోనే మాట్లాడింది. దొర మాట, గడీ మాట, కచేరీలోని ఉర్దూ మాట అందులో యథాస్థానంలో నిలిచాయి. మన ఆసిఫాబాదు అంగడిలో తెలుగు, ఉర్దూ, గోండీ, మరాఠీ ఒకే పూటలో వినిపిస్తాయి. తల్లి పాత్ర "అమ్మీ" అని పిలిపించుకుంటే దానిని "అమ్మ"గా దిద్దనక్కరలేదు. పాఠకుడు సందర్భాన్ని బట్టి గ్రహిస్తాడు. కథకుని వాక్యం మాత్రం తేటగా ఉండాలి.

మన నేలపైన జరిగిన కథ నవల అయిన తీరు గమనింపదగినది. కొమురం భీము 1940లో జోడేఘాట్‌లో నిజాం బలగాల చేతిలో మరణించాడు. ఆయన కథ చాలాకాలం గోండు ప్రజల పాటలలో, వృద్ధుల జ్ఞాపకాలలోనే నిలిచింది. 1980ల దశకంలో అల్లం రాజయ్య, సాహు కలిసి "కొమురం భీము" నవల వ్రాసి, ఆ కథను దూరప్రాంతాల తెలుగు పాఠకులకు చేర్చారు. 2016లో మన జిల్లా ఏర్పడినప్పుడు దానికి ఆయన పేరే పెట్టారు. జిల్లా పేరు వెనుక ఉన్న మనిషిని ఊహించుకొనుటకు నేటి విద్యార్థికి ఆ నవల ఒక దారి. ఊరిలోని ముసలివారిని అడిగి వ్రాసుకొనే ఓపిక రచయితకు తొలి అర్హత. ఈ పని రేపటికి వాయిదా వేస్తే చెప్పేవారే మిగలరు.

ఇక రచనా విధానం. నలభై వేల మాటల నవలను చూచి భయపడనక్కరలేదు. దినానికి మూడు వందల మాటల చొప్పున వ్రాస్తే నాలుగున్నర నెలలలో తొలిప్రతి ముగుస్తుంది. తొలిప్రతి ముగియకముందే మొదటి అధ్యాయాన్ని పదిసార్లు దిద్దుతూ కూర్చుంటే నవల ఎప్పటికీ పూర్తికాదు. ముగిసిన పిమ్మట నెలరోజులు పక్కన పెట్టి, బిగ్గరగా చదువుకొనాలి. నాలుకకు అడ్డుపడిన వాక్యం పాఠకుని కంటికీ అడ్డుపడుతుంది. మొగమాటం లేని ఇద్దరు మిత్రులకు వినిపించడం మరీ మంచిది.

ముద్రణకు పూర్వం వారపత్రికలే రాజమార్గంగా ఉండేవి. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి వారపత్రికలు ధారావాహికల ద్వారా ఎందరో నవలాకారులను ఇంటింటికీ పరిచయం చేశాయి. ఆ ద్వారం నేడు చాలా ఇరుకైనది. దానికి బదులుగా పోటీలు కొంత ఆదరువుగా ఉన్నాయి. చంద్రలతగారి "రేగడివిత్తులు" నవలకు 1997లో అమెరికాలోని తానా వారి బహుమతి లభించింది. పోటీకి పంపేవారు నిబంధనలు పూర్తిగా చదవాలి, ఒక ప్రతిని తమ వద్ద తప్పక ఉంచుకోవాలి.

ప్రకాశకుడు అంగీకరించినప్పుడు సంతోషంలో ఒప్పందాన్ని చదవకుండా సంతకం చేయరాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచన చేసిన క్షణం నుండే హక్కు రచయితది. నమోదు చేయించడం తప్పనిసరి కాదు. ఆ హక్కు రచయిత జీవితకాలమూ, మరణానంతరం అరవై ఏండ్లూ ఉంటుంది. హక్కును మరొకరికి ఇవ్వాలంటే వ్రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలి. ఎంతకాలానికో వ్రాయకపోతే ఐదేండ్లకని చట్టం భావిస్తుంది. ప్రతిఫలం ఎంత, అనువాద హక్కు ఎవరిది అన్న రెండు అంశాలను ప్రత్యేకంగా చూచుకొనాలి. ఉర్దూ, తెలుగు రెండూ తెలిసిన మనకు అనువాద హక్కు చిన్న విషయం కాదు.

నిరాకరణ వస్తే ఏమి చేయాలి? నా వ్రాతప్రతిని ఒక సంస్థ మారుమాట లేకుండా తిప్పి పంపింది. మరొక సంస్థ నుండి ఇంకను జవాబు రాలేదు. నిరాకరణకు కారణం పుస్తక బలహీనత కావచ్చు, వ్యాపారపు లెక్క కావచ్చు. కారణం తెలియనప్పుడు మళ్ళీ చదివి, దిద్ది, వేరొక చోటికి పంపడమే వివేకం.

స్వయంగా అచ్చు వేసుకొనే మార్గం కూడా గౌరవమైనదే. వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకొని తిరిగి అమ్మారు. "ప్రజల మనిషి" నవల వ్రాసినది కూడా ఆయనే. ఆనాడు అక్షరం అక్షరం చేతితో పేర్చవలసివచ్చేది. నేడు కంప్యూటరు కూర్పు వల్ల రెండు మూడు వందల ప్రతులు మాత్రమే వేసుకొనే వీలున్నది. పదహారు పుటలు ఒక ఫారం. నూట అరవై పుటల పుస్తకమంటే పది ఫారాలు. ఈ లెక్క తెలిస్తే ముద్రాపకునితో మాట్లాడడం సులభం. పుస్తకానికి వేసే ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను మన దేశంలో రుసుము లేకుండానే ఇస్తారు. కష్టమంతా అమ్మకంలోనే ఉన్నది. ఎవరికి అమ్మగలమో ఆలోచించి ప్రతుల సంఖ్య నిర్ణయించుకొనాలి.

చివరగా మన కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. గ్రంథాలయంలో ఉర్దూ, తెలుగు నవలలను పక్కపక్కన ఉంచే ఒక బీరువా, నెలకొకసారి విద్యార్థుల రచనలు వినే ఒక సాయంకాలం, ఏడాదికొక విద్యార్థి వ్రాతప్రతిని టైపు చేయించుటకు కొద్ది మొత్తం ఏర్పాటు చేయగోరుతున్నాను. 1934లో తెలంగాణలో కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డిగారు 354 మంది కవుల రచనలతో "గోలకొండ కవుల సంచిక"ను సమాధానంగా చూపించారు. ఆ కవులు అంతకు ముందే ఉన్నారు, వారిని ఒకచోట చేర్చినవారే లేకపోయారు. మన తరగతి గదులలో కూడా వ్రాయగలవారు ఉన్నారు. విద్యార్థులారా, వచ్చే సంచిక నాటికి మీ నవలలోని ఒక అధ్యాయమైనా ఈ పుటలలో చూడగలమని ఆశిస్తున్నాను.