లారీ ఇరుసులు, టైర్ల అమరిక, రోడ్ల అరుగుదల

తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్న బళ్ళారి, సండూరు, హోస్పేట ప్రాంతముల రోడ్లపై ఒకప్పుడు ఇనుప ఖనిజపు లారీలు రేయింబవళ్ళు నడచినవి. 2011 జులై 29న సుప్రీంకోర్టు నాటి బళ్ళారి జిల్లాలో గనుల పనిని నిలిపివేసి, 2013లో కట్టుబాట్లతో తిరిగి అనుమతించినది. గోతులుపడిన రోడ్లను చూచినవారు వానలను, కంట్రాక్టర్లను నిందించుట సహజము. అందు కొంత నిజము లేకపోలేదు. కాని లారీలవలన కలుగు అరుగుదలను నిర్ణయించునది ప్రధానముగా బండి మొత్తము బరువు కాదు. ఒక్కొక్క ఇరుసుపై పడు బరువు, ఆ ఇరుసునకు గల టైర్ల సంఖ్య.

ఈ సంగతిని తేల్చిన పరీక్ష అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున, ఒట్టావా పట్టణము చెంత, 1958–1960 నడుమ జరిగినది. వేర్వేరు మందముల రోడ్లను నిర్మించి, వేర్వేరు బరువుల లారీలను రెండేండ్లపాటు వానిపై నడిపించిరి. ఇరుసు బరువు పెరిగినకొలది అరుగుదల ఇంచుమించు నాల్గవ ఘాతము చొప్పున పెరుగునని ఫలితములు తెలిపినవి. అనగా బరువు రెట్టింపైనచో నష్టము పదహారు రెట్లగును.

మన దేశమున ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఈ సూత్రమునే అనుసరించుచున్నది. ప్రక్కకు రెండేసి చొప్పున నాలుగు టైర్లు గల ఇరుసుపై 8.16 టన్నుల బరువు కలిగించు నష్టమే దాని ప్రమాణము. ఇరుసునకు రెండే టైర్లున్నచో 6.6 టన్నులకే అంత నష్టము కలుగును. ఎనిమిది టైర్ల జంట ఇరుసులైనచో 15.1 టన్నులను, మూడిరుసుల కూటమియైనచో 22.8 టన్నులను అదే నష్టముతో మోయవచ్చును. జంట ఇరుసులు మోయు ఆ 15.1 టన్నులనే నాలుగు టైర్ల ఒంటి ఇరుసుపై మోపినచో నష్టము పదకొండు రెట్లకు మించును.

2018 జులైలో కేంద్రప్రభుత్వము నాలుగు టైర్ల ఒంటి ఇరుసు పరిమితిని 10.2 టన్నులనుండి 11.5 టన్నులకు పెంచినది. పెరిగిన బరువు నూటికి 13 పాళ్ళే. పై సూత్రము ప్రకారము పెరుగు అరుగుదల నూటికి 62 పాళ్ళు. పరిమితిలోపలనే ఇంత భేదమున్నప్పుడు, దానిని మీరిన బరువు సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

నష్టము రెండు విధములు. టైరులోని గాలి ఒత్తిడి హెచ్చినచో పైనున్న తారు పొర నలిగి, చక్రముల జాడలో గాడి పడును. ఇరుసు బరువు హెచ్చినచో ఒత్తిడి కంకర పొరలను దాటి నేలను చేరును. బళ్ళారి సీమయందలి నల్లరేగడి నేల తడిసినచో మెత్తబడును గాన, ప్రక్క కాలువలు పూడిన రోడ్డుపై అధిక భారము మరింత కీడు చేయును.

అదనపు బరువువలన కలుగు లాభము రవాణాదారునిది. మరమ్మతు ఖర్చు ప్రజలది. అదే సరకును ఎక్కువ ఇరుసులు, ఎక్కువ టైర్లు గల బండిపై పంపుట, గని వాకిటనే తూకము వేయుట, కాలువలను శుభ్రముగా నుంచుట, ఈ మూడును కొత్త రోడ్డు వేయుటకంటె చౌకైన పనులు.