దోమల అడ్డాలు పట్టిచ్చే మ్యాప్: ఫోన్‌తో ఎలా సాధ్యం?
డెంగీ దోమ గుడ్డు నుంచి బయటికి ఎగరడానికి వారం, పది రోజులు చాలు. ఏ టైరులో, ఏ కూలర్‌లో నీళ్లు నిలిచాయో ఈలోపే తెలియాలి. పాకిస్థాన్‌లోని లాహోర్‌లో 2011లో డెంగీ 300 మందికి పైగా ప్రాణాలు తీసింది. మరుసటి ఏడాది అక్కడి సిబ్బందికి ఆండ్రాయిడ్ ఫోన్లు, ఓ యాప్ ఇచ్చారు. నీళ్లు తీసేయకముందు ఒక ఫొటో, తీసేశాక ఇంకోటి అప్‌లోడ్ చేయాలి. ఫొటోతో పాటే లొకేషన్, టైమ్ కూడా వెళ్తాయి కాబట్టి, అక్కడికి వెళ్లకుండానే 'పని అయిపోయింది' అంటే కుదరదు! లార్వా దొరికిన చోట్లు, డెంగీ వచ్చినవాళ్ల ఇళ్లు ఒకే మ్యాప్‌లో పెడితే, ముందు ఏ వీధికి పరిగెత్తాలో తెలిసిపోతుంది. మీరూ ట్రై చేస్తారా? నాసా సపోర్ట్ ఉన్న 'గ్లోబ్ అబ్జర్వర్' ఫ్రీ యాప్‌లో ఇలాంటి దోమల మ్యాపింగ్ టూల్ ఉంది. ఫొటో తీశాక ఆ నీళ్లు పారబోయడం మాత్రం మర్చిపోకండి.