అద్దె ఇంట్లో దిగిన మొదటి వారం

నాగపూర్ రహదారిని ఔటర్ రింగు రోడ్డు దాటే చోట ఉన్న కండ్లకోయలో చదువుల కోసం, ఉద్యోగాల కోసం వచ్చి అద్దె ఫ్లాట్లలో దిగే కుటుంబాలు చాలా ఉన్నాయి. అడ్వాన్సు ఎంత, పార్కింగు ఉందా అని అందరూ అడుగుతారు. నీళ్ళు ఎక్కడివి, గ్యాస్ పైపు ఎప్పటిది అని అడిగేవారు తక్కువ. జబ్బయినా, ప్రమాదమైనా ఇంట్లోకి వచ్చే దారులు ఇవేనని మేము చెబుతుంటాము.

ముందు నీళ్ళ సంగతి. అపార్ట్‌మెంట్లలో బోరు నీరు, నల్లా నీరు, ట్యాంకరు నీరు ఒకే సంపులో కలవడం మామూలే. మీ ఇంటికి ఏవి వస్తాయో, సంపు చివరిసారి ఎప్పుడు కడిగారో వాచ్‌మన్‌ను అడగండి. యజమాని కన్నా అతనికే బాగా తెలిసి ఉంటుంది! సంపు పక్కనే డ్రైనేజీ గుంట ఉంటే మరీ జాగ్రత్త. మంచి బ్లీచింగ్ పౌడరు సుమారు 2.5 గ్రాములు వెయ్యి లీటర్లకు సరిపోతుంది. కలిపాక గంటసేపు ఆగాలి. తాగే నీరు మరిగించి చల్లార్చండి. అయితే మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. అందుకే బోరు నీరే తాగేవారు ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. నిల్వ ఉంచిన డ్రమ్ములకు మూత పెట్టి, వారానికోసారి ఖాళీ చేసి తోమండి. డెంగ్యూ దోమ మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది.

గ్యాస్ కనెక్షన్ వేరే ఊరిలో ఉంటే, సిలిండరు, రెగ్యులేటరు పాత ఏజెన్సీలో అప్పగించి బదిలీ కాగితం తెచ్చుకోండి. ఈలోగా వీధి దుకాణంలో చిన్న సిలిండరు నింపించుకోవడం మాత్రం వద్దు. కంపెనీ వారి 5 కిలోల సిలిండరు చిరునామా రుజువు లేకుండా, గుర్తింపు కార్డుతోనే దొరుకుతుంది. సిలిండరు పైభాగాన ఒక అక్షరం, అంకె ఉంటాయి. సి-27 అంటే 2027 జూలై–సెప్టెంబరు లోపు దానికి మళ్ళీ పరీక్ష జరగాలని అర్థం. గడువు దాటినది తీసుకోకండి. పాత అద్దెదారులు వదిలిన రబ్బరు పైపు వాడకండి, ఐ.ఎస్.ఐ. గుర్తున్న కొత్తది వేయించి, అయిదేళ్ళకోసారి మార్చండి. గ్యాస్ గాలి కన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది. వాసన వస్తే స్విచ్చి వేయకండి, తీయకండి, ఎగ్జాస్టు ఫ్యాను కూడా. రెగ్యులేటరు కట్టి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి.

బాత్రూములో గ్యాస్ గీజరు ఉంటే యజమానితో చెప్పి బయట పెట్టించండి. మూసిన గదిలో అది వాసనలేని కార్బన్ మోనాక్సైడును వదులుతుంది. స్నానానికి వెళ్ళినవారు తల తిరిగి పడిపోతారు, పిలిచే వ్యవధి కూడా ఉండదు. ఆ గదిలోకి వెళ్ళేవారు ముందు తలుపు, కిటికీ బార్లా తెరవాలి.

ఇక కరెంటు. పాత బాకీ ఉందేమో బిల్లు మీది యు.ఎస్.సి. నంబరుతో చూసుకోండి, దిగిన రోజు మీటరు రీడింగు రాసుకోండి. గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి ఇస్తున్న 200 యూనిట్ల ఉచిత విద్యుత్తుకు అర్హత గల అద్దెవారు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగు చూపించండి. బోర్డులో ఆర్.సి.సి.బి. ఉంటే దాని టెస్టు బటన్ నొక్కగానే కరెంటు పోవాలి. పోకపోతే ఆ రోజే మార్పించండి. బకెట్‌లో హీటరు రాడ్ పెట్టేవారు ప్లగ్గు తీశాకే నీళ్ళలో చేయి పెట్టాలి. కరెంటు ఫిర్యాదులకు 1912.