తుపానులోనూ మూగబోని రేడియో

2004 డిసెంబరు 26, ఆదివారం ఉదయం. పుదుచ్చేరికి దక్షిణాన ఉన్న నల్లవాడు అనే మత్స్యకార గ్రామంలో ఒక ఇంట టెలిఫోను మ్రోగింది. మాట్లాడినవాడు సింగపూరులో ఉద్యోగం చేస్తున్న ఆ ఇంటి యువకుడు. సుమాత్రా సమీపాన సంభవించిన పెను భూకంపాన్ని గూర్చి, దాని వెంట లేచిన రాకాసి అలలను గూర్చి అతడు వార్తల ద్వారా తెలుసుకున్నాడు. సముద్రపు నీరు అప్పటికే ఊరివైపు ప్రాకుతున్నదని ఇంటివారు చెప్పారు. తక్షణం బయలుదేరండి, ఊరందరికీ తెలియజేయండి అని అతడు వారిని తొందరపెట్టాడు.

ఊరందరికీ తెలియజేయడమెలా? ఇంటింటికీ పరుగెత్తే వ్యవధి లేదు. అదృష్టవశాత్తు ఆ గ్రామంలో ఒక విజ్ఞాన కేంద్రం ఉన్నది. అలల ఎత్తును, వాతావరణాన్ని చేపలవారికి చాటిచెప్పే లౌడ్‌స్పీకర్లు దానికి ఉన్నాయి. గ్రామస్థులు ఆ కేంద్రం తలుపులు పగులగొట్టి లోనికి వెళ్లి, మైకులో హెచ్చరికను పదే పదే వినిపించారు. జనం పిల్లాపాపలతో ఊరు విడిచిపోయారు. కొద్దిసేపటికే అలలు విరుచుకుపడ్డాయి. ఇళ్లు కూలాయి, పడవలు తునాతునకలయ్యాయి. కాని 3,600 మందికి పైగా ఉన్న ఆ గ్రామంలో ఒక్క ప్రాణమైనా పోలేదు.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. భూమి కంపించినది మన కాలమానం ప్రకారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు. అలలు కోరమండల తీరాన్ని తాకేసరికి సుమారు రెండున్నర గంటలు గడిచాయి. ఆ వ్యవధిలో వేలాది ప్రాణాలను కాపాడవచ్చు. కావలసినదల్లా, తెలిసినవారి నోటినుండి తెలియనివారి చెవికి మాటను చేర్చే సాధనం మాత్రమే.

విల్లియనూరు నేర్పిన పాఠం

నల్లవాడులోని ఆ మైకు దానంతట అది వెలసినది కాదు. సుప్రసిద్ధ వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ స్థాపించిన పరిశోధన సంస్థ 1998లో పుదుచ్చేరి గ్రామాలలో ఒక ప్రయోగం ఆరంభించింది. విల్లియనూరు దానికి కేంద్రస్థానం. పల్లెలలో టెలిఫోను తీగలు నమ్మదగినవిగా లేని కాలమది. అందువలన పోలీసులు, టాక్సీలవారు వాడే తరహా వి.హెచ్.ఎఫ్. రేడియోలను కంప్యూటర్లకు జోడించి, మాటను, సమాచారాన్ని గాలిద్వారా పల్లెలకు పంపారు. కరెంటు తరచు పోతున్నందున సౌర ఫలకాలను అమర్చారు. వీరాంపట్టినంలో అలల ఎత్తును గూర్చిన అంచనాలు ప్రతిదినం లౌడ్‌స్పీకరులో వినిపించేవి. ఆ అంచనాలు అమెరికా నౌకాదళం ఇంటర్నెట్టులో ప్రకటించేవే!

ఆ ఏర్పాటులో ఒక బలహీనత కూడా ఉన్నది. అది బండిచక్రం వంటిది. ఆకులన్నీ ఇరుసునే ఆశ్రయించినట్లు, పల్లెలన్నీ విల్లియనూరునే ఆశ్రయించాయి. ఇరుసు విరిగితే బండి కూలబడుతుంది.

దీనికి విరుగుడు చేపలవారి చేతిలోనే ఉన్నది. అదే వల. వలలో ఒక కన్ను తెగినా తక్కినవి పట్టు విడువవు. రేడియో వలలోనూ అంతే. ప్రతి పెట్టె తాను విన్న సందేశాన్ని మళ్లీ ఒకసారి పలుకుతుంది. దాని మాట విన్న మరొక పెట్టె ఇంకా ముందుకు పంపుతుంది. ఒకే సందేశం అంతులేకుండా తిరుగుతూ గాలిని నింపివేయకుండా రెండు నియమాలున్నాయి. ఒకసారి పలికిన సందేశాన్ని ఏ పెట్టె అయినా మరల పలుకరాదు. ఏ సందేశమైనా నిర్ణయించిన అంగలకు మించి సాగరాదు. ఇలా విన్నదాన్ని తిరిగి పలికే పెట్టెనే రిపీటరు అంటారు.

ఈ భావం మనదేశంలో కొత్తది కాదు. హిమాలయ సానువుల్లోని ధర్మశాలలో 2005 నుండి సౌరశక్తితో పనిచేసే రిలే కేంద్రాల వల వెలసింది. అక్కడి యాంటెన్నాలు మంచుకే గాక కోతులకు కూడా తట్టుకోవలసి వచ్చింది! ఆంధ్రదేశాన పశ్చిమ గోదావరి పల్లెలలో దాదాపు ఆ కాలంలోనే ‘అశ్విని’ పథకం ఎత్తైన స్తంభాలమీది వైఫై ద్వారా వైద్యుని, ఉపాధ్యాయుని గ్రామస్థుల కనులెదుట నిలిపింది.

లాస్‌పేట ఎత్తు

పుదుచ్చేరిలో అట్టి వల నేయదలచినవారు మొదట చూడవలసిన చోటు లాస్‌పేట. 18వ శతాబ్దంలో ఫ్రెంచి గవర్నరుగా ఉన్న జాన్ లా పేరు మోస్తున్న ఈ పేట నగరానికి ఉత్తరాన ఉన్నది. విమానాశ్రయం ఇక్కడిదే. తీరంలోని పేటలు సముద్రమట్టానికి కొద్ది మీటర్ల పైన మాత్రమే ఉండగా, ఈ ప్రాంతపు నేల ముప్పయి మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది.

ఈ ఎత్తు ఎందుకంత విలువైనది? ఈ రేడియో తరంగాలు ఇంచుమించు చూపువలె తిన్నగా సాగుతాయి. భూమి గుండ్రనిది కనుక, కొంత దూరం పోయాక నేల వంపు వాటికి అడ్డు తగులుతుంది. ఆ దూరాన్ని అంచనా వేసే సులభ సూత్రమొకటి ఉన్నది. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చించాలి. నాలుగు మీటర్ల ఎత్తున్న యాంటెన్నాకు దిగంతం ఎనిమిది కిలోమీటర్లు. చుట్టుపట్ల నేలకంటె యాభై మీటర్లు ఎత్తున్నదానికి ఇరవైతొమ్మిది. అయితే కొబ్బరితోటలు, కాంక్రీటు మేడలు ఈ లెక్కను బాగా తగ్గించివేస్తాయి. అందుకే నడుమ నడుమ రిపీటర్లు కావాలి. విమానాశ్రయం పొరుగున ఎత్తైన స్తంభం నిలిపేముందు సంబంధిత అధికారుల అనుమతి తీసుకొనడం మరువరాదు.

చట్టం సంగతి కూడా తెలుసుకొందాం. వి.హెచ్.ఎఫ్. రేడియోలకు లైసెన్సు అవసరం. కాని 865 నుండి 867 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న పట్టీలో, నిర్ణీత పరిమితికి లోబడిన స్వల్పశక్తి పరికరాలను లైసెన్సు లేకుండా వాడుకొనడానికి 2005లో కేంద్ర ప్రభుత్వం అనుమతించింది. నేడు ‘లోరా’ అనే పద్ధతిలో పనిచేసే చిన్న రేడియోలు ఈ పట్టీలోనే మాట్లాడుకొంటాయి. ఇవి కంఠస్వరాన్ని మోయలేవు. చిన్న చిన్న వాక్యాలను మాత్రమే నెమ్మదిగా చేరవేస్తాయి. ‘అలలు ఎత్తుగా ఉన్నవి, కడలికి పోవద్దు’ అన్న హెచ్చరికకు అది చాలదా!

ఎండను దాచుకొనే లెక్క

2011 డిసెంబరు 30న ‘థానే’ తుపాను పుదుచ్చేరి, కడలూరుల మధ్య తీరం దాటినప్పుడు విద్యుత్ స్తంభాలు వరుసగా నేలకొరిగాయి. రోజుల తరబడి చీకటి రాజ్యమేలింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోయిన సంగతి తెలుగువారు మరువలేరు. 2024 నవంబరు 30న ‘ఫెంగల్’ వచ్చినప్పుడు పుదుచ్చేరిలో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు మించి వాన కురిసింది. మాట ఎక్కువ అవసరమైన వేళలోనే కరెంటు పోతుంది. అందువలన రిపీటరు తన అన్నం తానే వండుకొనాలి.

లెక్క కష్టమైనది కాదు. సగటున అర వాటు శక్తిని వాడుకొనే రిపీటరుకు రోజుకు 12 వాట్-గంటలు కావాలి. పుదుచ్చేరిలో మంచి ఎండ రోజుకు సుమారు ఐదు గంటలని అనుకొంటే, 10 వాట్ల ఫలకం 50 వాట్-గంటలిస్తుంది. వేడికి, దుమ్ముకు మూడోవంతు పోయినా ముప్పయికి పైగా మిగులుతుంది. ఇంత మిగులు ఎందుకని అడుగవచ్చు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈ తీరాన ఈశాన్య ఋతుపవనాల కాలం. మబ్బు వీడని దినాలు వరుసగా వస్తాయి. 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల బ్యాటరీ 84 వాట్-గంటలు దాచుకొంటుంది. సీసపు బ్యాటరీలో సగం మాత్రమే వాడదగినది కనుక, అది మూడున్నర రోజులకు చాలుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే ఐదు రోజులు దాటుతుంది.

ఫలకాన్ని దక్షిణముఖంగా నిలపాలి. పుదుచ్చేరి అక్షాంశం 12 డిగ్రీలు కనుక అంత వాలు చాలునని పుస్తకాలు చెబుతాయి. కాని వానకాలంలో సూర్యుడు దక్షిణాన క్రుంగి ఉంటాడు. ఎండ కరువైన ఆ నెలల కొరకు ఇరవై డిగ్రీల వాలు ఇవ్వడం మేలు. దుమ్ము, కాకిరెట్టలు కూడా వానకు తేలికగా జారిపోతాయి. తుపాను గాలి గంటకు 120 కిలోమీటర్లు మించగలదు కనుక బిగింపు గట్టిగా ఉండాలి. ఉప్పుగాలికి ఇనుప మరలు త్రుప్పుపడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు మరలు, నీరు చొరని పెట్టె, పిడుగునుండి రక్షణకు ఎర్తింగు తప్పనిసరి.

కాపలా ఎవరిది?

యంత్రం నిలపడం ఒక రోజు పని. దానిని నిలుపుకొనడం ఏళ్ల తరబడి పని. ఫలకం తుడిచేవారు, మరలు బిగించేవారు, కొన్నేళ్లకు బ్యాటరీ మార్చేవారు లేకపోతే మేడమీది రిపీటరు కాకులకు ఆసనంగా మిగిలిపోతుంది.

విల్లియనూరు ప్రయోగం ఈ విషయంలోనూ మార్గదర్శకమే. కేంద్రానికి చోటు గ్రామమే ఇవ్వాలన్నారు. కులభేదం లేక అందరికీ అందులో ప్రవేశం ఉండాలన్నారు. ఎంబలంలో కేంద్రం గుడి ఆవరణలోనే వెలిసింది. నిర్వహణ భారాన్ని వహించినవారిలో ఎక్కువమంది గ్రామీణ స్త్రీలు. కంప్యూటరు ముఖం ఎరుగని ఇల్లాండ్రు కొద్ది శిక్షణతోనే దానిని నడపగలిగారు.

నేడు మనదేశానికి సునామీ హెచ్చరికల కేంద్రమున్నది. 2007 అక్టోబరు నుండి అది హైదరాబాదులో, సముద్ర సమాచార సేవల సంస్థ ఇన్‌కాయిస్‌లో రేయింబవళ్లు మేల్కొని ఉంటున్నది. హిందూ మహాసముద్ర గర్భంలో భూమి కదిలితే కొన్ని నిమిషాలలో అక్కడ తెలుస్తుంది. హైదరాబాదు నుండి జిల్లా కార్యాలయం దాకా మాట చేరడం నేడు పెద్ద సమస్య కాదు. అక్కడినుండి చివరి పేటలోని చివరి గుడిసె దాకా ఉన్న కొద్ది కిలోమీటర్లే అతి దీర్ఘమైన ప్రయాణం. లాస్‌పేటలోనైనా, అదే పుదుచ్చేరి ప్రభుత్వపు ఏలుబడిలో గోదావరి ఒడ్డున ఉన్న మన యానాంలోనైనా, ఆ కొద్ది దూరాన్ని దాటించడానికి మేడమీద జానెడు చోటు, చేటెడు సౌర ఫలకం, నెలకొకసారి మెట్లెక్కి దానిని తుడిచే ఒక మనిషి చాలు. మొదటి రెండూ కొనుక్కోవచ్చు. మూడవది ఊరే సమకూర్చుకోవాలి.