మీకు తెలుసా? క్లబ్బుకు అయిదు పేర్లు, వైన్‌షాపుకు రెండేళ్లకో పేరు

సికింద్రాబాద్ నుంచి శామీర్‌పేట దారి పడితే, జూబ్లీ బస్‌స్టేషన్‌కు దగ్గర్లోనే, పికెట్‌లో సికింద్రాబాద్ క్లబ్ ఉంది. ఇది దానికి అయిదో పేరు! 1878 ఏప్రిల్ 26న ఇంగ్లిషు పటాలం వాళ్లు మొదలుపెట్టినప్పుడు అది పబ్లిక్ రూమ్స్. తర్వాత గారిసన్ క్లబ్, జింఖానా క్లబ్, యునైటెడ్ సర్వీసెస్ క్లబ్ అయింది. ఈలోగా పటాలంతో సంబంధం లేని రైల్వే, న్యాయశాఖ ఉద్యోగులు ఆ చుట్టుపక్కల బాగా పెరిగారు. దాంతో 1903 మార్చి 3న ఊరి పేరే పెట్టేశారు. అంతే, పాతికేళ్లలో అన్ని పేర్లు మార్చిన క్లబ్బు మళ్లీ పేరు జోలికి పోలేదు. 2022 సంక్రాంతి సెలవుల్లో, జనవరి 16 తెల్లవారుజామున పాత భవనం కాలిపోయింది. అందులోని కొలొనేడ్ బార్ కూడా పోయింది. పేరు మాత్రం అలాగే ఉంది.

ఇక అల్వాల్, తూంకుంట మీదుగా శామీర్‌పేట దాకా, అటు మేడ్చల్ దాకా వైన్‌షాపుల సంగతి చూడండి. తెలంగాణలో వైన్‌షాపు (ఏ4 దుకాణం) లైసెన్సు రెండేళ్లే. గడువు ముగిసే ముందు కలెక్టర్ సమక్షంలో లాటరీ తీస్తారు. 2023లో రాష్ట్రంలోని 2,620 దుకాణాలకు 1.30 లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. అప్పుడు ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల రూపాయలు, లాటరీ తగలకపోతే ఆ డబ్బు తిరిగిరాదు. గెలిచినవాళ్లు డిసెంబరు 1న షట్టర్ ఎత్తుతారు. చాలాచోట్ల మడిగె అదే, సీసా పట్టేంత కంత ఉన్న ఇనుప జాలీ అదే, పక్కన పర్మిట్ రూమూ అదే. పైన ఫ్లెక్సీ మాత్రం మారుతుంది, దేవుడి పేరో పిల్లల పేరో ఎక్కుతుంది. తాగేవాళ్లు ఆ బోర్డు చదవరు, వాళ్లకు అది ఎప్పటికీ ‘బస్టాండ్ కాడి వైన్స్’. ఎక్సైజ్ దస్త్రాల్లోనూ దుకాణాన్ని గుర్తించేది గెజెట్ వరుస సంఖ్యతోనే.

క్లబ్బు పాత పేర్లు చరిత్రకెక్కాయి. ఈ బోర్డుల పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టరు. ఊరి చరిత్ర రాసేవాళ్లు వీటినీ పట్టించుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. ఈ దుకాణాలకూ ఓ చరిత్ర ఉంది. 1995 జనవరి 16న ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధం అమలు చేయడంతో వైన్‌షాపులు మూతపడ్డాయి, 1997లో నిషేధం సడలాక మళ్లీ తెరుచుకున్నాయి. 2021 నుంచి లాటరీలో గౌడలకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం దుకాణాలు కేటాయిస్తున్నారు. తాటిచెట్టెక్కి కల్లు గీసిన గౌడ కుటుంబాలకు వైన్‌షాపు గల్లాపెట్టె దగ్గర కుర్చీ దక్కింది. ఇన్ని మార్పుల్లో నాకు మనస్ఫూర్తిగా నచ్చింది ఇదే.